కర్రకి తగిలిన బంతి

ఒక ఊళ్ళో బంతి విసిరేవాడు ఒకడుండేవాడు. అతను వేసిన బంతి ఎవరి కర్రకీ తగిలేది కాదు.

ఆ ఆటలో ఒకడు విసరాలి, అవతలి జట్టువాడు కర్రతో కొట్టాలి, కొట్టిన బంతిని విసిరేవాడి వెనకున్నవాళ్ళు పట్టాలి. అసలు తగిలితేగా పట్టడానికి! పాపం, వెనకున్నవాళ్ళకి పనే లేకపోయింది. ఒకడు నిలబడే కునుకు తీసేవాడు. కంచె దగ్గరుండే బొద్దు మనిషైతే బంతి పట్టాల్సిన తోలు తొడుగులో వేరుశనక్కాయలు పోసుకుని, తీరిగ్గా ఒలుచుకు తినేవాడు.

"నువ్వుండగా మాకేంటి బాబూ, రాజభోగం!" అనేవాళ్ళు. విసిరేవాడు మురిసిపోయేవాడు. వెనక్కి తిరిగి చూసే అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

జట్టు పెద్ద మాత్రం మొదటిరోజే తేల్చి చెప్పాడు. "నీ బంతి కర్రకి తగిలిందా, ఆ రోజుతో నీకు సెలవు."

మూడో ఏడాదికే విసిరేవాడి భుజం పట్టేసింది. అన్నం ముద్ద నోటిదాకా ఎత్తాలన్నా ప్రాణం పోయేది. చెబితే ఉన్న చోటు ఊడుతుందని భయపడి, పైకి చెప్పలేదు.

పొరుగూరితో పెద్ద ఆట వచ్చింది. ఆఖరి బంతి మిగిలింది. ఎదురుగా వాళ్ళ మొనగాడు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. నొప్పని కూర్చుండిపోతే తన పేరు చెక్కుచెదరదు గానీ, విసరడం ఇంకెవరికీ రాదు కాబట్టి ఊరు ఓడిపోతుంది. విసిరితే తగలడం ఖాయం. ఛీ, ఏం బతుకురా ఇది అనుకున్నాడు.

అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్, ఇక నావల్ల కాదు. తగుల్తుంది, చూసుకోండర్రా!" అని గొంతు చించుకున్నాడు.

వాళ్ళు బిత్తరపోయారు. కునుకువాడు కళ్ళు నులుముకున్నాడు.

బంతి వెళ్ళింది. టప్పున తగిలి ఆకాశానికి లేచింది. బొద్దు మనిషి కాయలన్నీ నేలపాలు చేసి, రొప్పుతూ పరిగెత్తాడు. వెనక్కి, ఇంకా వెనక్కి. వీపు కంచెకి తగిలేసరికి కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు. తెరిచి చూస్తే బంతి తొడుగులో ఉంది.

"ఓరి నాయనో, పట్టేశానర్రా!"

గెలిచామని ఊరంతా ఒకటే కేకలు. విసిరేవాడికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంత సంతోషం అతనికి ఇదివరకు గెలిచిన ఏ రోజూ కలగలేదు.

ఆట ముగిశాక జట్టు పెద్ద దగ్గరికొచ్చాడు. "మాటంటే మాటే. నీకు సెలవు. అయినా, ఎవరూ కొట్టలేని నీలాంటివాణ్ణి మళ్ళీ ఎక్కడని వెతకను?"

"వెతక్కండి. అప్పుడప్పుడూ కొట్టించుకునేవాణ్ణి చూడండి చాలు."

పెద్ద తెల్లబోయి చూశాడు. అవతల మైదానంలో, ఎప్పుడూ ఆట కాగానే ఇంటిదారి పట్టే ఆ వెనకున్నవాళ్ళు, రేపు ఎవరు ఎక్కడ నిలబడాలో తేలక ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు.