శౌరి కాలిలో ముల్లు

శౌరికి భయం పట్టుకుంది. భయమంటే అలాంటిలాంటిది కాదు లెండి, అన్నం ముద్ద గొంతు దిగనివ్వని భయం.

తెల్లారితే పండగ. మఠంలో బ్రదర్‌గా ఉండిపోతానని పీఠం ముందు మోకరించి దేవుడికి మాట ఇవ్వాలి. కానీ రోజూ సాయంత్రం, ఆ రోజంతా ఎలా గడిచిందో తలుచుకునే ఆత్మశోధనకి కళ్ళు మూసుకుంటే చాలు, లోపల్నించి తప్పులు చీమల్లా బయల్దేరేవి. ఒకటి దులిపితే నాలుగు. జపమాల చెప్పేటప్పుడు కునుకు, వంటాయన మీద కోపం, మంచాన పడ్డ లూర్దయ్య తాత మీద విసుగు. ఈ నోటితో మాటిస్తే దేవుడు ఊరుకుంటాడా? చివరికి కళ్ళు మూసుకోవాలంటేనే వణుకు పుట్టింది.

అందుకని ఆ సాయంత్రం ప్రార్థన గంట కొట్టకముందే సంచి చంకన పెట్టుకున్నాడు. చప్పుడు చేస్తాయని చెప్పులు విడిచేసి, పెరటి కంచె సందులోంచి జారుకున్నాడు. అవతల అడుగు పెట్టాడో లేదో, అరికాల్లో తుమ్మముల్లు కసుక్కున దిగింది. దేవుడు పట్టేసుకున్నాడనుకుని అక్కడే చతికిలబడ్డాడు పాపం.

తలెత్తేసరికి ఎదురుగా రాయప్ప స్వామి. మఠానికి పెద్ద, శౌరికి గురువు. కంచె బయటి బంతి మొక్కలకి నీళ్ళు పోస్తున్న చెంబు చేతిలో అలాగే ఉంది. సంచి వంక చూశారు, కాలి వంక చూశారు.

"కాలియ్యి నాయనా."

"వద్దు స్వామీ. మీరు నా కాలు పట్టుకోవడమేంటి? ఆ పాపం కూడా నాకే చుట్టుకుంటుంది."

"ఉన్నవాటిలో కలిపెయ్. ఇటియ్యి."

కింద కూర్చుని, మడమ పట్టుకుని, నీళ్ళు పోసి మట్టంతా కడిగారు. అంగీకున్న పిన్నీసు తీశారు. అది చూడగానే శౌరి కాలు వెనక్కి లాగేసుకున్నాడు.

"ముల్లెక్కడికీ పోదులే. పొద్దున ఈ కాలు ఎటెళ్ళిందో చెప్పు," అంటూ స్వామి మళ్ళీ మడమ అందుకున్నారు.

"లూర్దయ్య తాతకి వేణ్ణీళ్ళు పట్టుకెళ్ళాను. కానీ స్వామీ, లోపల విసుక్కుంటూనే..."

"నేనడిగింది కాలుని. నీళ్ళు వేడిగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"తాతేమన్నాడు?"

"ఏమీ అనలేదు. నా తల మీద చెయ్యి పెట్టాడు."

"నువ్వడిగావా?"

"లేదు స్వామీ. ఊరికే పెట్టాడు."

ఆ మాట అన్నాక శౌరికి ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఎండిపోయిన చెయ్యి, ఎంతసేపో తియ్యలేదు. సాయంత్రం దాకా దాని తలపే తనకి రాలేదు. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

తెరిచేసరికి ముల్లు స్వామి బొటనవేలి గోరు మీద ఉంది.

"ఎప్పుడు తీశారు?"

"నువ్వు తాత దగ్గరున్నప్పుడు."

లోపల గంట మోగింది. ఆత్మశోధన వేళ. శౌరి సంచి పట్టుకుని కుంటుతూ లేచాడు. మఠం వైపే తిరిగాడు గానీ, అడుగు పడలేదు.

"ఇంకా భయమేస్తోంది స్వామీ."

"వెయ్యనీ," అన్నారు స్వామి, ఖాళీ చెంబు అందుకుంటూ. "కాలు మాత్రం లాక్కోకు."