కలివిపండు తిన్న ముత్యాలి

ఊ కొట్టేవాళ్ళు కొట్టండి, కొట్టనివాళ్ళు చెవులైనా ఇటివ్వండి. ఏ రాజు ఏలాడో ఎవరికీ గుర్తులేనంత వెనకటి కాలం. సముద్రం పక్కన ముళ్ళడవి. అడవి అంచున పాక. పాకలో ముత్యాలి. బుట్టలల్లుకుని బతికేది. మొగుడు లేడు, బిడ్డ లేదు, పలకరించే మనిషి లేడు.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. ఊరు ఆకలితో అడవిలోకొచ్చింది. పొదల నిండా నల్లటి పండ్లు! ఆకు తుంచితే పాలు కారాయి. అంతే, అందరూ వెనక్కి గెంతారు. మునుపోసారి జెముడుపాలు కంట్లో పడి ఒక పిల్లకు చూపు పోయింది. పాలు కారే చెట్టంటే ఊరికి హడలు.

"ఇది జెముడు కాదు పెద్దమ్మా," అంది ముత్యాలి. "ముళ్ళు చూడు, జంటలు జంటలు. పువ్వు మల్లెలా పూస్తుంది. పండు పికిలిపిట్ట తింటుంది. మా అమ్మ కలివి అని చూపించేది."

"పిట్ట పొట్టా మన పొట్టా ఒకటేనటే?" కసిరింది ఊరిపెద్ద పెళ్ళాం కోటమ్మ. "నువ్వెప్పుడైనా తిన్నావా?"

తినలేదు. ఏమన్నా అయితే నోట్లో నీళ్ళు పోసే దిక్కు లేక తినలేదు.

"ఇప్పుడు తింటా. నా పక్కన కూర్చుంటారా?"

"ఓ, కూర్చుంటాం!" అంది ఊరు.

తినేసింది. ఊరేమో దూరంగా ఇసకదిబ్బ ఎక్కేసింది.

పొద్దున అరిచారు: "ముత్యాలీ, ఉన్నావా?"

"ఉన్నా."

మధ్యాహ్నం అరిచారు: "ముత్యాలీ, ఉన్నావా?"

"ఉన్నా. రండి."

సాయంత్రం అరిచారు: "ముత్యాలీ, ఉన్నావా?"

"ఉన్నా. రండమ్మా, భయమేస్తోంది."

ఎవరూ రాలేదు. అయినా ఆమె పేరు ఒక్కరోజులో అన్నిసార్లు ఎవరూ పిలిచింది లేదు. ఆ భయంలోనూ చెవికి తియ్యగానే ఉంది.

తెల్లారి ముత్యాలి లేచి నిలబడింది. ఊరు దిబ్బ దిగి పొదల మీద పడింది, ఆమె అల్లిన బుట్టలతోనే.

"ఒక్కరైనా కూర్చోండి."

"పిల్లలు ఆకలిమీదున్నారే, మళ్ళీ వస్తాం," అంది కోటమ్మ.

వాన వచ్చింది. పంట వచ్చింది. వాళ్ళు రాలేదు. కోటమ్మ వచ్చింది, బుట్ట చిరిగినప్పుడు. పాకలో ముత్యాలి ఎప్పుడు పోయిందో పోయింది. కళ్ళు మూసిన చెయ్యి లేదు. అప్పుడు కూలబడింది కోటమ్మ, పాడె వచ్చేదాకా లేవలేదు. ఏం లాభం? కూర్చోవాల్సింది అడిగినప్పుడు కదా!

అందుకే ఆ తీరాన కలివిపండు ఎవరూ ఒంటరిగా తినరు. తిన్నవాళ్ళ పెదాల మీద ఊదారంగు పోయేదాకా, ఎంత పనున్నా, ఎంత పగున్నా, ఒకరు పక్కన ఉండాల్సిందే. లేవబోతే పసిపిల్లలు సైతం కొంగు పట్టి లాగుతారు:

"కూర్చోవే, ఇంకా రంగు పోలేదు."