తెల్లి ఇంట్లో కన్నం

అనగనగా ఒక అడవిలో ఎర్రమట్టి దిబ్బ ఉండేది పిల్లలూ. దాని నిండా బొరియలే. పై బొరియల్లో ముంగిసలు, నడిమి బొరియల్లో ఉడుములు ఉండేవి. అన్నిటికన్నా కింది బొరియలో తెల్లి అనే కుందేలు తన మూడు పిల్లలతో కాపురముండేది.

ఆ దిబ్బ బాగోగులన్నీ చూసేది సూదవ్వ అనే ముసలి ముళ్ళపంది. రోజూ ఊడ్చేది. రాలిన మట్టి ఎత్తిపోసేది. పగుళ్ళకు బంకమట్టి మెత్తేది. నోరు మాత్రం మంచిది కాదు. గుమ్మంలో గడ్డిపరక కనిపిస్తే చాలు, తిట్లే తిట్లు. మధ్యాహ్నమైతే కునుకు. పైగా నడిచిన దారంతా ముళ్ళు రాల్చేది. అయినా పొద్దు వాలే వేళకు ప్రతి గుమ్మం ముందూ ఆగి, "అందరూ లోపలికొచ్చారా?" అని అడగందే పడుకునేది కాదు.

కుందేలు పిల్లలకు అదొక ఆట. "ముగ్గురం వచ్చాం అవ్వా!" అని ఒక్కసారే అరిచేవి. అన్నిటికన్నా చిన్నది పింజ. దానిదే అందరికన్నా పెద్ద గొంతు.

తెల్లి ఇంట్లో ఒక మూల కన్నం ఉండేది. అందులోంచి చలిగాలి వచ్చేది. "అవ్వా, దీన్ని పూడ్చవూ? పిల్లలు వణుకుతున్నారు" అని తెల్లి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ సూదవ్వ, "దాని జోలికి పోకు. అది నీ మేలుకే ఉంది" అని కసిరి వెళ్ళిపోయింది. ఎందుకు పూడ్చకూడదో కాస్త నిదానంగా చెబితే దాని సొమ్మేం పోయేది? ఆ తప్పు సూదవ్వదే, నేను కాదనను.

ఒకరోజు జగ్గప్ప అనే నక్క వచ్చింది. మెడలో మోదుగాకు వేలాడుతోంది. మాట వెన్నపూస.

"చుట్టుపక్కల దిబ్బలన్నీ ఇప్పుడు మావాళ్ళే చూసుకుంటున్నారు. మీరింకా ఒక్క ముసలిదాని మీద ఎన్నాళ్ళు ఆధారపడతారు? రేపది మంచాన పడితే? మాకు అప్పజెప్పండి. ఒకరు రాకపోతే ఇంకొకరొస్తారు. తిట్లుండవు, కునుకులుండవు" అంది.

అందరికీ ఆ మాట నచ్చింది.

"ఏమేం పనులు చెయ్యాలో చెప్పండి. జాబితా రాసుకుంటాను" అంది నక్క.

"రోజూ ఊడవాలి" అన్నాయి ముంగిసలు.

"గోడలు నున్నగా మెత్తాలి" అన్నాయి ఉడుములు.

తెల్లి కాసేపు ఆలోచించింది. "మా ఇంట్లో కన్నం పూడ్చాలి" అంది.

సూదవ్వను మాత్రం ఎవరూ పిలవలేదు. ఇన్నేళ్ళుగా ఆ పని చేస్తున్నదాన్ని ఒక్కమాట అడుగుదామని ఆ దిబ్బలో ఒక్కరికీ తోచలేదు పిల్లలూ. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పని పోయి దిబ్బ వదిలి వెళ్ళేముందు సూదవ్వ కిందికి దిగి వచ్చింది. "తెల్లీ, ఆ కన్నం సంగతి..." అని చెప్పబోయింది. దాని మొహం చూడటానికే తెల్లికి ఇబ్బందిగా ఉంది. "అన్నీ జాబితాలో ఉన్నాయిలే అవ్వా" అని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. ముసలిదానికీ కడుపు నిండాలి కదా. చివరికి సూదవ్వ ఆ నక్క దగ్గరే, పక్క దిబ్బలో ఊడ్చే పనికి కుదిరింది.

మోదుగాకులు కట్టుకుని పందికొక్కులు పనిలోకి వచ్చాయి. పాపం, ఒళ్ళు దాచుకోకుండా చేశాయి. కన్నాన్ని ఆనవాలు కూడా లేకుండా పూడ్చి మెత్తాయి. తెల్లి ఇల్లు వెచ్చబడింది. పక్షం తిరిగేసరికి ఆ పందికొక్కులను వేరే దిబ్బకు పంపేసి, నక్క కొత్తవాటిని తెచ్చేది. పొద్దు వాలితే గుమ్మం ముందు ఆగి అడిగేవాళ్ళు లేరు. అది జాబితాలో లేదు. పింజ కొన్నాళ్ళు గుమ్మంలో కూర్చుని ఎదురుచూసింది. తరువాత మానేసింది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన కురిసింది. తెల్లి అప్పుడు మేతకు వెళ్ళి ఉంది. పై బొరియల్లో పడిన నీళ్ళు కిందికి దిగాయి. ఎప్పుడూ అవి ఎవరి కంటా పడకుండా గోడ వారగా దిగి, తెల్లి ఇంట్లోని కన్నంలోంచే బయటికి పోయేవి. ఇప్పుడు పోవడానికి దారి లేదు. తెల్లి పరుగున వచ్చేసరికి పెద్ద పిల్లలు రెండూ పై బొరియకెక్కి వణుకుతున్నాయి. పింజ లేదు.

"నా పిల్ల లోపలుంది! ఎవరైనా రండి!" అని తెల్లి గుండెలు బాదుకుంది.

"నేనొచ్చి మూడు రోజులేనమ్మా. నీళ్ళు ఎటు పోవాలో నాకెవరూ చెప్పలేదు" అని పందికొక్కు ఏడ్చింది.

"నీళ్ళు తోడటం జాబితాలో లేదమ్మా. మా పైనున్న పెద్ద నక్కగారికి కబురు పెడతాను. రేపటికల్లా ఎవరో ఒకరొస్తారు" అంది జగ్గప్ప.

తెల్లి నీళ్ళలోకి దూకింది. బురదలో ఎంత తడిమినా కన్నం చోటు దొరకలేదు. ఈలోగా ఒక ముంగిస పరుగెత్తి సూదవ్వకు చెప్పింది.

సూదవ్వ చేతిలో చీపురు పారేసి, ఆ వానలోనే ఒగరుస్తూ వచ్చింది.  నేరుగా దిబ్బ అడుగున ఉన్న పొదలోకి దూరి, తనకొక్కదానికే తెలిసిన చోట గోళ్ళు విరిగేలా తవ్వింది. మట్టి పెళ్ళ ఊడిపడింది. నీళ్ళు ఒక్కసారిగా బయటికి ఉరికాయి. వాటితో పాటే పింజ కూడా వచ్చింది.

సూదవ్వ దాన్ని ముళ్ళు తగలకుండా పొట్టకు అదుముకుని వెచ్చబెట్టింది. ఎంతసేపు వెచ్చబెట్టినా పింజ కళ్ళు తెరవలేదు.

"నేనే అవ్వా! పూడ్చమన్నది నేనే" అని తెల్లి నేలమీద పడిపోయింది.

సూదవ్వ ఆరోజు తిట్టలేదు. "అది నీళ్ళు పోయే దారి అని నేనైనా ఒక్కమాట చెప్పలేదే తల్లీ" అని తనూ ఏడ్చింది.

వాన వెలిసింది. దిబ్బలోని వాళ్ళు సూదవ్వను ఇక వెళ్ళనివ్వలేదు. పొద్దు వాలింది. సూదవ్వ ఎప్పటిలాగే ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగుతూ కిందికి దిగింది. తెల్లి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. అడగాలో వద్దో తెలియలేదు. చివరికి, "అందరూ లోపలికొచ్చారా?" అంది.



"ఇద్దరం వచ్చాం అవ్వా" అన్నాయి పిల్లలు.

నీతి: ఒక పనిని కొత్తవాళ్ళకు అప్పగించే ముందు, ఇన్నాళ్ళూ ఆ పని చేసినవాళ్ళను పిలిచి అడగాలి. మన కంటికి కనబడని పనులే మన ప్రాణాలు కాస్తుంటాయి.