రెండో కొర్రమట్ట

ఓదెలుకు నిద్ర పట్టేది. కలే వచ్చేది కాదు. అదీ అతని బాధ.

భార్య భూలక్ష్మి పోయి ఏడాది దాటింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరెవరి కలల్లోనో కనబడిందట. పాలు పోసే ఆమెకు కనబడింది. ఎదురింటి ముసలమ్మ కలలోకైతే వచ్చి, కూర్చుని, చీర బాగుందని కూడా చెప్పి పోయిందట. కట్టుకున్న మొగుడికి మాత్రం ఒక్కనాడూ రాలేదు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి!

ఓదెలు దర్జీ. భార్య పోయాక మిషను మీద గుడ్డ కప్పేశాడు. కూతురు అఖిలను మానేరు వాగు అవతల అక్క లస్మమ్మ ఇంట్లో దింపాడు. దింపిన రోజు లస్మమ్మ పిల్ల గదుమ పట్టుకుని, "అచ్చం తల్లి మొకమేరా తమ్మీ. నవ్వితే ఆ కండ్లు సూడు" అంది. ఓదెలు చూడలేదు. తల తిప్పుకుని బస్సెక్కాడు.

తర్వాత ఎప్పుడైనా వెళ్లినా అంతే. పిల్ల చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టి, గోడకేసి చూస్తూ నాలుగు మాటలు మాట్లాడి వచ్చేసేవాడు. పాపం, పిల్ల కూడా ఆ గోడ మీద ఏముందా అని చూసేది.

రెల్లుకుంట చెరువు గట్టు మీద చిన్న దర్గా ఉంది. అక్కడ దావూద్ బాబా ఉండేవాడు. పోయినవాళ్లను కలలో చూపిస్తాడని ఆయనకు పేరు. ఆయన నోటితో ఆయనెప్పుడూ ఆ మాట అనలేదు. ఆయనకు ఇంకో పేరు కూడా ఉంది, అది మాత్రం నిజం. ఆ చుట్టుపక్కల కొర్రమట్ట చేపను గాలంతో పట్టాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. బాబాకు దేవుడంటే ప్రాణం, కొర్రమట్టంటే ప్రాణం, ఏది ముందో ఆ రోజు ఎండను బట్టి ఉంటుందని గొర్లకాపర్లు నవ్వుకునేవారు.

ఓదెలు వెళ్లి ఆయన ముందు కూలబడ్డాడు.

"బాబా, ఒక్కసారి ఆమె మొకం సూడాలె. ఒక్కటే కల ఇయ్యుండ్రి. మళ్ల అడగ."

బాబా గాలానికి కట్టే తంగూసు దారంతో తంటాలు పడుతున్నాడు. ఆయన కళ్లకు కొక్కెం రంధ్రం ఆనడం లేదు.

"నీ పనేంది బేటా?"

"దర్జీని."

"అయితే ఇది కట్టు."

ఓదెలు కట్టాడు. బాబా గుంజి చూసి తలూపాడు.

"మంచిగ కట్టినవ్. నీ చేతితోని ఒక కొర్రమట్టను పట్టు. పట్టిన నాడు కల అడుగు."

కల అడిగితే చేపను పట్టమంటాడేమిటి ఈయన? ఓదెలుకు ఒళ్లు మండింది. కానీ ఇంకెక్కడికి పోతాడు? అక్కడే ఉండిపోయాడు.

మొదట నీళ్ల దగ్గరికే రానివ్వలేదు బాబా. గట్టు మీద తన చెప్పొకటి దూరంగా విసిరి, గాలం సరిగ్గా దాని పక్కన పడాలన్నాడు. గాలానికి రబ్బరు కప్ప. సంతలో పిల్లలు ఆడుకునేదానిలా ఉంది, పొట్ట కింద రెండు కొక్కేలు తప్ప. ఓదెలు విసిరితే అది ఒకసారి తుమ్మచెట్టు ఎక్కింది, ఒకసారి అతని వీపునే పట్టుకుంది. బాబా పొట్ట పట్టుకుని నవ్వాడు.

తర్వాత నీళ్లు. "నీడ నీళ్ల మీద పడనియ్యకు. గుర్రపుడెక్క నడుమ సందు సూడు. కొర్రమట్ట దాని కిందనే పొంచి ఉంటది. సందు దాటిచ్చి ఎయ్యి. మెల్లగ గుంజుకుంట రా. సందుల ఆపు. కప్ప ఆగితెనే దానికి ఓపిక సస్తది."

"అందుకోంగనే గుంజాల్నా?"

"అదే వద్దు. గుభేల్మని నీళ్లు లేస్తయి. నువ్వు గుంజకు. అది నోట్ల పెట్టుకుని కిందికి పోనీ. నేనైతే బిస్మిల్లా అనుకుంట. నువ్వు నీకిష్టమైన పేరొకటి మనసుల అనుకో. అది అయినంక గుంజు."

ఓదెలుకు ఇష్టమైన పేరు ఒకటే ఉంది. నీళ్లు లేచినప్పుడల్లా "భూ" అని మొదలుపెట్టేవాడు. పేరు సగంలో ఉండగానే చేతులు గుంజేసేవి. ఉత్త కప్ప ఎగిరొచ్చి ఒళ్లో పడేది. వానలు మొదలయ్యాయి, చెరువు నిండింది, ఓదెలుకు మాత్రం ఒక్క చేప చిక్కలేదు. పడుకునేముందు రేపైనా పడాలని దండం పెట్టుకునేవాడు. భూలక్ష్మి గొంతు మరుపున పడుతోందని అతనికి భయం పట్టుకుంది.

బాబా వద్దని గట్టిగా చెప్పింది ఒక్కటే ఉంది.

"నీళ్ల మీద ఎర్రగ చేపపిల్లలు మెసిలే కాడ గాలం ఎయ్యకు. కింద తల్లీ తండ్రీ కావలి ఉంటయి. అవి ఆకలితోని కాదు, కోపంతోని అందుకుంటయి. గట్ల పట్టుడు మన చెరువుల లేదు."

ఒకనాడు మధ్యాహ్నం బాబా నమాజుకు దర్గాలోకి వెళ్లాడు. ఓదెలు ఒక్కడే గట్టు మీద ఉన్నాడు. తుంగ పక్కన నీళ్లు కుంకుమ ఒలికినట్టు ఎర్రగా కదిలాయి. కొర్రమట్ట పిల్లలు. వందలు. బుడబుడమని పైకొచ్చి గాలి మింగి, కిందికి పోతున్నాయి.

ఓదెలు చూపు తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు. ఒక్కసారే కదా అనుకున్నాడు. ఒక్క చేప, ఒక్క కల, ఆమె మొహం. చెయ్యి తనంతట తనే లేచింది.

రబ్బరు కప్ప ఆ పిల్లల నడుమ పడిందో లేదో, నీళ్లు పగిలాయి. పేరు తలుచుకునే పని కూడా లేకపోయింది. గాలం కర్ర వంగింది. ఓదెలు కేకలు పెడుతూ, జారుతూ, మోకాళ్ల మీద పడుతూ లాగాడు. మూరెడు కొర్రమట్ట గడ్డి మీదకొచ్చి తోకతో టపటపా కొట్టింది.

కేకలకు బాబా వచ్చాడు. చేపను చూశాడు. ఎర్రగా ఉన్న నీళ్లను చూశాడు. ఓదెలు నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

బాబా కూర్చుని, రెండు వేళ్లతో కొక్కెం మెల్లగా తీశాడు. గోనెసంచి తడిపి చేప మీద కప్పి, చెంబుతో నీళ్లు చల్లాడు. కొర్రమట్ట గట్టిప్రాణం, తడి ఉంటే గట్టు మీద కూడా చాలాసేపు బతుకుతుంది.

"అడుగు బేటా. పట్టిన నాడు అడుగుమన్న."

"ఆమె మొకం సూడాలె." ఓదెలు గోనెసంచి వైపు చూడకుండా అన్నాడు.

"సరే. ఇట్ల కూసో. నీళ్లు సూడు."

ఇద్దరూ కూర్చున్నారు. పిల్లలు చెదిరిపోయి ఎరుపు పలచబడింది. లకుముకిపిట్ట ఒకటి బాణంలా దూకి ఒకదాన్ని ఎత్తుకుపోయింది. మళ్లీ వచ్చింది. కింద నుంచి ఏవో చిన్న చేపలు కూడా పిల్లల వెంటపడ్డాయి.

"బాబా, తాయెత్తేమన్న..."

"నీళ్లు సూడు."

అప్పుడు తుంగ మొదట్లో నల్లటి వీపు ఒకటి లేచింది. ఇంకో కొర్రమట్ట. రెండోది.

అది తన జోడును లాగేసిన చోటికి వెళ్లింది. అక్కడ ఆగింది. కాస్త ముందుకు, గట్టు దాకా వచ్చింది. ఓదెలు కాళ్లకు అంత దగ్గర. ఇంతలో పిట్ట దూకింది, పిల్లలు చెల్లాచెదురయ్యాయి. అది గిరుక్కున తిరిగి పోయి, నీళ్లను ఛెళ్లున కొట్టింది. పిట్ట ఎగిరిపోయింది. పిల్లలు ఒక్కటొక్కటే దాని మీదికి చేరాయి.

కాసేపటికి మళ్లీ గట్టు దాకా వచ్చింది. మళ్లీ ఆగింది. మళ్లీ వెనక్కి పోయింది.

"జోడు కోసం దేవులాడుతున్నదా బాబా?"

"దేవులాడాలనే ఉంటది, బేటా."

ఓదెలుకు ఏడుపొచ్చింది. భూలక్ష్మిని మట్టిలో పెట్టిన నాడు కూడా రానంత ఏడుపు. బాబా ఆపలేదు, భుజం తట్టలేదు. పక్కనే కూర్చుని పిట్ట వచ్చినప్పుడల్లా చేత్తో అదిలిస్తూ ఉన్నాడు.

ఓదెలు లేచాడు. గోనెసంచితో సహా చేపను ఎత్తుకుని నడుము లోతు నీళ్లలోకి దిగాడు. సంచి విప్పాడు. కొర్రమట్ట అతని అరచేతుల మీద కాసేపు ఊపిరి తీసుకుని, ఒక్కసారి ఒళ్లు విదిల్చి తుంగ వైపు జారిపోయింది. కాసేపటికి ఎర్రటి నీళ్ల కింద రెండు నల్లటి వీపులు తిరిగాయి.

నిజం చెప్పాలంటే ఓదెలుకు ఆ రెండో దాని మీద అసూయ పుట్టింది. దాని జోడు దానికి తిరిగొచ్చింది. తనది రాదు.

గట్టెక్కి పంచె పిండుకుంటుంటే బాబా దర్గా గుమ్మంలో నిలబడి, నెమలీకల కట్ట చేతిలోకి తీసుకున్నాడు.

"పట్టినవ్, అడిగినవ్. మాటంటే మాట. కల కోసం దువా చెయ్యమంటవా?"

ఓదెలు ఆ నెమలీకలను చాలాసేపు చూశాడు.

"మానేరు అవతలికి బస్సు ఎప్పుడున్నది బాబా?"

"ఇప్పుడే ఉన్నది. ఉరుకు!"

దీపాలు పెట్టే వేళకు లస్మమ్మ ఇల్లు చేరాడు. తడి పంచె, బురద కాళ్లు. అఖిలే తలుపు తీసింది.

"బాపూ, నీ నిండ నీచు వాసన!" అని ముక్కు మూసుకుంది. "చెరువుకాడ ఉంటున్నవని అత్తమ్మ చెప్పింది. చేప దొరికిందా?"

"దొరికింది బిడ్డా."

"ఏది మరి?"

"ఇంటికి పోయింది."

పిల్ల నవ్వింది. నవ్వితే కళ్లు సన్నగా అయ్యాయి, ఎడమ కన్ను కాస్త ఎక్కువగా. దీపం వెలుగు సరిగ్గా మొహం మీదే పడుతోంది.

"ఏంది బాపూ, గట్ల సూస్తున్నవ్?"

ఓదెలు తల తిప్పుకోలేదు.