అలుగు మూయించబోయిన రాజుగారు

ఒకానొక రాజ్యంలో ప్రచండవిక్రముడనే రాజు ఉండేవాడు. ఆయన విక్రమం ఎవరూ చూడలేదు గానీ, ప్రచండం మాత్రం భోజనాల వేళ అందరూ చూసేవారు.

అక్కడి పెద్దచెరువు ఆయన ముత్తవ్వ తవ్వించింది. అది నిండితే మిగులు నీరు అలుగు రాతి మీదుగా పొర్లి కింది ఊరి చెరువులోకి, అది నిండాక దాని కింది చెరువులోకి, అలా ఏడు ఊళ్లకు పారేది. తూములు కనిపెట్టుకుని ఉండే నీరటి గంగులు అలుగు పారిన రోజు కట్టెక్కి డప్పు కొట్టేవాడు. అది విని దిగువ ఆడవాళ్లు పసుపు కుంకుమలతో నీళ్లకు ఎదురొచ్చేవారు.

ఆ యేడు డప్పు మోత రాజుగారి పగటినిద్ర చెడగొట్టింది.

"నా నీళ్లు నా సెలవు లేకుండా ఎక్కడికి పోతున్నాయి?"

"తమ చిత్తం, అడ్డుకోవలసిందే ప్రభూ" అన్నాడు మంత్రి. ఇరవై ఏళ్లుగా ఆయన చేసిన మంత్రాంగమంతా ఆ మొదటి రెండు మాటలే.

"రేపు అలుగు మూసేయండి. లోపలికొచ్చిన నీరు ఒక్క చుక్క బయటికి పోయిందా, గంగులు తల పోతుంది!"

పిలిపిస్తే వచ్చి నిలబడ్డ గంగులు లోలోపల లెక్క వేసుకున్నాడు. మూస్తే కట్ట తెగుతుంది. కట్ట కిందనే ఊరు. మూయకపోతే తల తెగుతుంది.

"చిత్తం దొరా. ఈలోగా తమ చెరువెంత పెద్దదో ఒక్కసారి పుట్టి పడవలో తిరిగి చూడండి" అన్నాడు.

పెద్దదనగానే రాజుగారు పుట్టెక్కారు. చెరువు నడుమ గంగులు కొబ్బరిబోండాలు కొట్టిచ్చాడు. ఏడో బోండం తాగాక రాజుగారు మోకాళ్లు దగ్గరకు చేర్చుకున్నారు.

"గంగులూ, ఇక ఒడ్డుకు పోనీరా."

"ఇంకొక్కటి, దొరా. లేతది."

"లఘుశంకకురా, మూర్ఖుడా! పోనీ!"

"ఇక్కడ మాత్రం కానివ్వకండి. ఊరు తాగే నీళ్లు. ఆ పని చేసినవాణ్ణి గాడిదెక్కించాలని తమ ముత్తవ్వగారి కట్టుబాటు."

"అందుకేరా ఒడ్డుకు పొమ్మంటున్నాను!"

గంగులు తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాడు. "లోపలికొచ్చిన నీరు ఒక్క చుక్క బయటికి పోతే నా తల పోతుందన్నారు గదా దొరా. తమకు పట్టింది ఏడు బోండాలే. పాపం, చెరువులోకి మూడు వాగులు దిగుతున్నాయి."

రాజుగారు చెరువు వంక చూశారు. తన పొట్ట వంక చూసుకున్నారు.

"మూయొద్దు! ముత్తవ్వ మీద ఒట్టు, అలుగు మూయొద్దురా!"

పుట్టి బాణంలా ఒడ్డు చేరింది. "తమ చిత్తం" అని ఒడ్డున కాచుకున్న మంత్రి వంగి లేచేసరికి రాజుగారు తుమ్మపొదల వెనక ఉన్నారు.

తేలికపడ్డ ముఖంతో తిరిగొచ్చి, అలుగు రాయి దగ్గర నిలబడ్డారు.

"అవ్వ ముందే ఎరుగునన్నమాట."

"కట్ట పోయకముందే ఈ రాయి వేయించింది దొరా. మోసినవాళ్లలో మా ముత్తాత ఒకడు."

రాజుగారు పొట్ట కదిలేలా నవ్వారు. చేతి కడియం తీసి గంగులుకు తొడిగారు. "మాన్యం ఇస్తున్నాను. ఎక్కడ కావాలో కోరుకో."

"ఏడో ఊరి చెరువు కింద, చిట్టచివరి మడి దొరా."

"అంత దూరమెందుకురా?"

"అది తడవాలంటే ఇక్కణ్ణుంచి ఏడు అలుగులూ పారాలి గదా."

రాజుగారు మళ్లీ నవ్వారు. మరుసటి యేటినుంచి అలుగు పారిన రోజు డప్పు మీద తొలి దెబ్బ ఆయనే వేసేవారు. ఆయనకు తాళం తెలియదు. ఆ తప్పుడు దెబ్బ వినగానే దిగువవాళ్లు నవ్వుకునేవారు. తర్వాత కొన్నాళ్లకు నీళ్లు చివరి మడిలో తన పాదాలు తడిపినప్పుడు, గంగులు ఎగువకు తిరిగి అవ్వకూ, రాయి మోసినవాళ్లకూ, తాళం రాని ఆ రాజుకూ కలిపి ఒకే దండం పెట్టేవాడు.