శాసనబండ కింద ఏడు గుడ్లు

ఒకప్పుడు తొండ మెడ కర్రముక్కలా నిటారుగా ఉండేది. తల ఊపడమన్నది దానికి తెలియనే తెలియదు.

ఆ రోజుల్లో ఓ మధ్యాహ్నం ఏట్రింతకి, అదే, తోక చీలిన నల్లపిట్టకి, ఏమీ తోచలేదు. వాగు ఒడ్డున సుద్దబండ మీద గోటితో నాలుగు గీతలు గీకింది.

"చూశారా! ఏనుగురాజు రాయించిన శాసనం! ఈ బండ కింద గుడ్లు పెడితే పాము రాదట!" అని అరిచింది.

అందరూ నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు.

ఉడుత పావురానికి చెప్పింది. పావురం కాకికి చెప్పింది. "మా తాత ఎప్పుడో చెప్పాడు," అంది కాకి. నాలుగు వానాకాలాలు గడిచేసరికి అది శాసనబండ అయి కూర్చుంది.

మళ్లీ తొలకరి పడింది. తొండకి అది తొలి కాన్పు. భయం భయంగా బండ దగ్గరికొచ్చింది.

"కాకి మామా, శాసనం నువ్వు చదివావా?"

"చదవడమెందుకే పిచ్చిదానా? అందరికీ తెలిసిందేగా!"

తొండ తడిమట్టి తవ్వి, ఏడు గుడ్లు పెట్టి పూడ్చి, బండెక్కి కూర్చుంది.

పైన తుమ్మకొమ్మ మీంచి ఏట్రింత అది చూసింది. వెంటనే అరిచింది.

"అక్కా, తీసెయ్! ఆ గీతలు నేనే గీశాను. వేళాకోళానికి!"

తొండ తలెత్తి చూసింది.

"దాని మాట వినకు," అంది కింద నేల మీంచి కాకి. "శాసనం నాటికి అది పుట్టనే లేదు."

తొండ తల దించి చూసింది.

"నా గోరు ఆ గీతలో పెడతా, చూడు మామా, సరిగ్గా సరిపోతుంది!"

"ఏనుగురాజు గోరూ అంతే ఉండేదేమో!"

తొండ పైకి చూసింది. కిందికి చూసింది. గీతలు గీసిన పిట్టే చెబుతోంది కదా? మరి ఇంతమంది చెప్పింది అబద్ధమవుతుందా? పైకి. కిందికి. పైకి. కిందికి.

ఈలోగా వెనక మట్టి కదిలింది. జెర్రిపోతు! అప్పటికే అయిదు గుడ్లు మింగేసింది. ఏట్రింత రివ్వున దిగి దాని నెత్తిన పొడిచింది.

"శాసనం కనబడలేదా నీకు?" తొండ ఏడుస్తూ అడిగింది.

"నాకు చదువు రాదు తల్లీ," అంటూ పాము పొదలోకి జారుకుంది.

"అది పొరుగూరి పాము," అంది కాకి. "మన పాములకి శాసనమంటే హడల్."

తొండ మిగిలిన రెండు గుడ్లనీ ఒక్కొక్కటే నోట కరుచుకెళ్లి, దూరంగా ముళ్లకంచె మొదట్లో పాతింది. కంచె ఎక్కి కాపలా కూర్చుంది. ఇక్కడైనా ఫరవాలేదా? ఎవరినడగాలి?

అప్పటినుంచే కంచె మీది తొండ తల పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటుంది. చూసేవాళ్లు ఔనంటోందనుకుంటారు.

కాదు. దానికి ఇంకా ఏదీ తేలలేదు.