తియ్యగా చెమర్చిన గోడ

అనగనగా, ఎండలు మాత్రం ఇప్పటిలాగే మండే కాలంలో, తుంగపాడు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో గవరయ్య శెట్టి అని ఒక వర్తకుడు. మనిషి మంచివాడు. తాను మంచివాడినని ఆయనకూ బాగా తెలుసు. అక్కడే వచ్చింది చిక్కు.

శెట్టిగారి ఇంటి కింద రాతితో కట్టిన నేలమాళిగ ఉండేది. చల్లగా, పొడిగా ఉంటుందని ఊరి రైతులందరూ తమ విత్తనాలు తెచ్చి అందులోనే దాచుకునేవారు. జొన్నలు, కందులు, పెసలు బూడిద కలిపి గాదెల్లో పోసి, "తొలకరికి వస్తాం శెట్టిగారూ" అని నిశ్చింతగా వెళ్ళిపోయేవారు. తిండిగింజ పోతే ఒక పూట పస్తు. విత్తనం పోతే ఊరంతా ఏడాది పస్తు.

ఆ ఏడు చైత్రమాసంలో శెట్టి మాళిగలోకి దిగి చూద్దుడు గదా, పడమటి గోడ చెమర్చి ఉంది! చెయ్యి ఆనిస్తే చెయ్యంతా తడి. గోడ పక్కన ఉన్న జొన్నలు ఉబ్బి, తెల్లటి మొలకలు తొంగిచూస్తున్నాయి.

శెట్టి గబగబా పైకి వచ్చి భార్యను కేకేశాడు. 

"ఇదేం చోద్యమే సూరమ్మా! పోయిన వానాకాలం వీధులు ఏరులై పారితే ఈ గోడ ఎముకలా ఎండిపోయి ఉంది. ఇప్పుడు నేల బీటలు వారుతుంటే కారుతోంది!"

"గోడకి పడిశం పట్టిందేమోనండీ. కాస్త మిరియాల కషాయం పెట్టమంటారా?" అంది ఆయన భార్య.

"నీకు నవ్వులాటగా ఉంది. తొలకరికి రైతులొస్తే ఏం పెట్టి పంపను, నీ కషాయమా?"

మొదట తాపీ పనివాడు భీమన్నను పిలిచాడు. భీమన్న సున్నంలో కరక్కాయ నీళ్ళు కలిపి, మెత్తగా నూరి, తడి ఉన్నంత మేరా దిట్టంగా పూశాడు. "ఇంక దోమ కూడా దూరదు శెట్టిగారూ" అని వెళ్ళిపోయాడు. తెల్లవారి చూస్తే పూసినచోట పొడి. దానికి మూరెడు పక్కన తడి! నీళ్ళకి దారులు కరువా నాయనా?

తరవాత సిద్ధాంతిగారిని పిలిచాడు. ఆయన వేళ్ళు లెక్కపెట్టి, కళ్ళు మూసి తెరిచి, "గంగమ్మ తల్లి అలిగిందయ్యా. పడమటి గోడకి బయటివైపు, మొదట్లో బిందెలతో అభిషేకం చెయ్యి" అన్నాడు. శెట్టి భక్తిగా బిందెలకు బిందెలు గుమ్మరించాడు. మర్నాటికి లోపల గోడ చెమర్చడం మానేసి, ధారగా కారడం మొదలెట్టింది.

"చూశావా, తల్లి పలికింది!" అన్నాడు సిద్ధాంతి సంబరంగా.

శెట్టికి దణ్ణం పెట్టాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు.

అయినా ఇంత గందరగోళంలోనూ శెట్టి ఒక పని మానలేదు. ఏటా వేసవిలో చలివేంద్రం పెట్టేవాడు; ఆ ఏడు మాత్రం ఇంటికి పడమటి పక్కనే, గోడను ఆనుకుని తాటాకు పందిరి వేయించాడు. బాటసారులకు తన చేత్తోనే నీళ్ళు పోసేవాడు. ఎలా పోసేవాడనుకున్నారు? చెయ్యి ఎత్తి, ధార కట్టి, దోసిలి నిండి మోచేతుల మీదుగా పొర్లిపోయేదాకా! తాగేవాడు చాలు చాలని తల ఊపినా ఆగేవాడు కాదు. "తాగు నాయనా, గవరయ్య శెట్టి చెయ్యి చిన్నది కాదు!" అనేవాడు. శ్రీరామనవమి నాడైతే నీళ్ళకు బదులు పానకం. అదీ అదే ధార.

ఆ నవమి మర్నాడు మాళిగలో పెట్టిన బోనులో ఒక పందికొక్కు పడింది. శెట్టి కళ్ళు మెరిశాయి.

"దొరికావురా దొంగా! గోడకి కన్నం పెట్టి నీళ్ళు రప్పించింది నువ్వే గదూ?"

పందికొక్కు మూతి తుడుచుకుని అంది: "దొంగవన్నావు, ఒప్పుకున్నాను. నీ జొన్నలు తిన్నాను, రుచిగానే ఉన్నాయి. కానీ నీళ్ళు మోసుకురావడానికి నేను నీ ఇంటి పాలేరునా శెట్టీ? నా బొరియ తడిసి, పిల్లలు తుమ్ముతున్నాయి."

"మరి ఎవరు?"

"నాకేం తెలుసు? మొన్నటిదాకా గోడ చప్పగా ఉండేది. ఇవాళ తియ్యగా ఉంది."

"గోడ తియ్యగా ఉండటమేమిట్రా? మతి పోయింది నీకా, నాకా?"

"నాకి చూడు. పందికొక్కు నాకిన గోడ శెట్టి నాకితే తప్పేముంది?"

చూస్తే గోడ నిండా చీమల బారు. శెట్టి అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, నాలుక చాపి గోడను నాకాడు. బెల్లం! వెనకాలే మిరియం ఘాటు!

అప్పుడే మెట్లు దిగిన సూరమ్మ కెవ్వుమంది. "అయ్యో అయ్యో, ఎండదెబ్బ తగిలిందండోయ్!"

"అరవకు. నువ్వూ నాకి చెప్పు."

ఆవిడ వేలితో అద్ది నోట పెట్టుకుంది. తెల్లబోయింది. "ఇది నా పానకమే! ఏలకులు ఎక్కువ పడ్డాయని నిన్ననే అనుకున్నాను."

శెట్టి పైకి పరుగెత్తి, పందిరి కింద చెంబెడు నీళ్ళు ఒలకబోశాడు. నీళ్ళు వీధిలోకి పారలేదు. చూస్తుండగానే గోడ మొదట్లోకి ఇంకిపోయాయి. వానాకాలంలో పందిరీ లేదు, ధారా లేదు. పైన పడిన వాన చూరు మీంచి అవతలకు పోయేది. వేసవి మొదలైనప్పటి నుంచీ గోడను తడిపింది తన చెయ్యే!

ఈలోగా విత్తనాలకు చెమ్మ తగిలిందన్న కబురు విని రైతులు గుమిగూడారు. బోనులో పందికొక్కును చూసి, "ఇదేనా చేసింది? చంపెయ్యండి శెట్టిగారూ!" అన్నారు.

శెట్టి బోను వంక చూశాడు. ఊఁ అంటే చాలు, దాతగా పేరు నిలుస్తుంది. కానీ మళ్ళీ రేపు అదే పందిరి, అదే ధార, అదే తడి. ఊరి విత్తనం ఏం కావాలి?

"దీని తప్పు కాదు," అన్నాడు తల వంచుకుని. "నా చేత్తో నేనే పోశాను. దప్పికకు కొంత పోసి, పేరుకు ఎక్కువ పోశాను. మీ గింజలు తడిపింది నేనే."

 నాగులమ్మ అనే ముసలి రైతు కొంగు బిగించింది. "ఒకరి మొహాలొకరు చూసుకుంటే గింజలు ఆరతాయంట్రా? ఎండ ఊరికే పోతోంది. చాపలు పరవండి!"

ఊరంతా కలిసి గాదెలు ఖాళీ చేసి, విత్తనాలు పైకి మోసి ఎండబెట్టారు. గోడ పక్కవి కొన్ని పోయాయి. వాటి బదులు శెట్టి తన సొంత విత్తనం కొలిచి ఇచ్చాడు. చలివేంద్రం వీధికి అవతల, పల్లం వాగువైపు ఉన్నచోటికి మారింది. గోడ మొదట్లో నేల ఎత్తు చేసి గట్టిగా దిమ్మిస కొట్టారు. పందికొక్కును వాగు దాటించి వదిలేశారు. గోడ నెమ్మదిగా ఆరింది. తొలకరికి ఊళ్ళో ఏ ఒక్క చేనూ విత్తకుండా మిగిలిపోలేదు.

కాబట్టి పిల్లలూ, కీడు కనబడినచోటే పుట్టిందనుకోకూడదు. ఎదుటివాడి మీద నేరం మోపే ముందు మన చెయ్యి ఏం చేస్తోందో, అది మంచిపనే అయినా సరే, ఒకసారి చూసుకోవాలి.